అరటి కాటా మీద తూచిన ఊపిరి

ఇరవై రెండేళ్ల వయసులో నాకు తెలియని విషయమంటూ లేదు. ఇప్పుడు తెలియనివాటి జాబితా రోజురోజుకీ పెరుగుతోంది గాని, ఆ రోజుల్లో “రుజువేదీ?” అన్న ఒక్క మాటతో ఎంత పెద్ద సభనైనా చెడగొట్టి ఇంటికొచ్చేవాణ్ణి. (నన్ను పెళ్లిళ్లకి ఎవరూ పిలిచేవారు కాదు. నేనే వెళ్లేవాణ్ణి.) డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క, గోదావరిలో మునిగి పనిచేసే పెదమావయ్య దగ్గర చేరాను. మునిగిన పడవలకు తాళ్లు కట్టడం, పంపు గొట్టాలకు పట్టిన చెత్త తీయడం ఆయన పని. కాకినాడలో పాతవి కొన్న నాలుగు గాలి సిలిండర్లు ఆయన ఆస్తి. రెండు ఉక్కువి, సన్నం. రెండు అల్యూమినియంవి, కాస్త లావు. రంగు వేయమంటే, భేదాలు నశించాలని నాలుగింటికీ ఒకే పసుపు కొట్టి, పైగా ఉపన్యాసం కూడా ఇచ్చాను.

మావయ్య దిగే ముందు ప్రతి సిలిండర్‌నీ రేవులో ముంచి, దాని మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని కాసేపు కూర్చునేవాడు. నాకు ఒళ్లు మండేది.

“ఏం మావయ్యా, ఇనుముకి కూడా పుణ్యస్నానమేనా?”

“నీళ్లలో దాని బుద్ధేంటో చూస్తున్నాన్రా అల్లుడూ.”

ఇనుముకి బుద్ధి! ఈ మూఢత్వాన్ని నా ఇంట్లోంచే తరిమేస్తానని ప్రతిజ్ఞ చేశాను.

అవకాశం ఆ జూన్‌లోనే వచ్చింది. ఏటి నడుమ లంకకీ మా గట్టుకీ మధ్య మనుషుల్నీ గెలల్నీ దాటించే పంటు, రేవులో కట్టేసి ఉండగానే చిల్లుపడి మునిగింది. వరద ఎర్రనీళ్లు వచ్చేలోగా దాని అడుగునున్న కొక్కేనికి ఇనపతాడు తగిలించి లాగకపోతే ఇసుకలో కూరుకుపోతుంది. ఆ ఏడు లంకవాళ్లు అరటిగెలలు అమ్ముకోలేరు. పని చాలాసేపు పడుతుంది గనక వీపుకి రెండు సిలిండర్లు కట్టాలి. మావయ్యకి జ్వరం. “నేను దిగుతాను, జంట కూడా నేనే ఎంచుకుంటాను, శాస్త్రీయంగా” అన్నాను. ఆయన నా మొహం కేసి చూసి, “సరే, నడుముకి తాడు మాత్రం కట్టుకో. మూడుసార్లు గుంజితే లాగేస్తా” అన్నాడు.

నాలుగు సిలిండర్లనీ ఆటోలో రావులపాలెం అరటి మార్కెట్‌కి పట్టుకెళ్లాను. “ఇవేం గెలలండీ బాబూ?” అన్నాడు కాటా ఆయన. ఒక లావుదీ ఒక సన్నదీ గ్రాము తేడా లేకుండా తూగాయి. ఇంకేం కావాలి? సన్నది కుడివైపు, లావుది ఎడమవైపు పెట్టి, పట్టీలో సందున్నచోట సైకిల్ ట్యూబు ముక్క దూర్చి బిగించాను.

నీళ్లలో బోర్లా, పరిచిన చాపలా ఉండాలి. నేను రెండు బారలు దిగేసరికి కుడిపక్కకి ఒరిగాను. సర్దుకున్నాను. మళ్లీ ఒరిగాను. చెయ్యి చాస్తే చెయ్యి కనపడని బురద. లావు సిలిండర్‌లోంచి గాలి పీలుస్తున్నానేమో, అది ఖాళీ అయ్యేకొద్దీ పైకి తేలుతోంది, ఉక్కుది కిందికి గుంజుతోంది. పంటు అంచు చేతికి తగిలిన క్షణాన వెల్లకిలా తిరిగిపోయాను. పైనేదో, కిందేదో తెలియలేదు. ఊపిరి కుక్క రొప్పుడైంది. తాడు గుంజొచ్చు. గుంజితే వాదనలో ఓడినట్టే! నీళ్లడుగున వెల్లకిలా పడి కూడా “కాటా తప్పు చెప్పదు” అని మావయ్యతో వాదిస్తున్నాను. ఇంతలో ఏదో తగిలి నోట్లో గొట్టం ఊడింది. గోదావరి గొంతులోకి దిగింది.

మూడుసార్లు గుంజాలి. నేను ముప్పైసార్లు గుంజాను.

ఒడ్డున దగ్గుతూ పడున్న నన్ను చూసి, కంబళి కప్పుకున్న మావయ్య అన్నాడు: “ఏరా, నాస్తికుడివి, లోపల పొర్లుదండాలు పెట్టొచ్చావా?”

రేవులో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. నా నడుముకి కట్టిన తాడు వదలనేలేదు. కాసేపయ్యాక నా అరచెయ్యి పట్టుకుని నీళ్లలో ముంచిన సిలిండర్ల మీద పెట్టాడు. సన్నది రాయిలా దిగిపోతోంది. లావుది దిగనా వద్దా అంటోంది. గట్టుమీద ఒకటే బరువు, నీళ్లలో కాదు. లావుది ఎక్కువ నీటిని తోస్తుంది మరి! స్నానాలతొట్టిలోంచి బట్టల్లేకుండా పరిగెత్తిన గ్రీకు పెద్దమనిషి కథ నేను ప్రతి సభలోనూ చెప్పేవాణ్ణి. ఒక్కసారైనా చెయ్యి తడుపుకోలేదు. మావయ్య రోజూ చేసింది ప్రయోగం. నేను కాటాకి చేసిందే పూజ.

“రెండూ ఉక్కువే కట్టు. నీకు తల తేలిక, కాళ్లు బరువు, సిలిండర్లని రెండు వేళ్ల మేర తలవైపు జరుపు” అన్నాడు. మర్నాడు దిగాను. చాపలా పరుచుకున్నాను. కొక్కెం దొరికింది. పంటు గట్టెక్కిన మూడో రోజున నీళ్లు ఎర్రబడ్డాయి.

నేనిప్పటికీ సభల్లో నిప్పులు కక్కుతూనే ఉన్నాను. దగ్గర్లో సభైతే మావయ్య ముందు వరసలో కూర్చుంటాడు. “ఏదైనా పరీక్షించాకే నమ్మండి!” అని నేను బల్ల గుద్దిన ప్రతిసారీ, ఆయన తలని మెల్లగా కుడిపక్కకి ఒరిగిస్తాడు. నేను గొంతు కాస్త తగ్గించి, మంచినీళ్ల గ్లాసు అందుకుంటాను.