రైమో చెవి

కెనడాలోని థండర్ బే ఊళ్ళో మోటార్ సైకిల్ తోలే ప్రతివాడికీ రైమో చెవి మీద గురి. బండికి స్టాండు వేసి వెనక చక్రం తిప్పితే చాలు, ఆయన కళ్ళు మూసుకుని తల వంచి వినేవాడు. "చెయిన్ మరీ బిగించావు", "పళ్ళచక్రం అరిగింది" అని కళ్ళు తెరవకుండానే చెప్పేవాడు. సగం జీవితం కాగితపు మిల్లు హోరులో గడిపినవాడికి అలాంటి చెవి మిగలడమే వింత. అసలు మిగల్లేదు. పోయిన చలికాలంలోనే పోయింది. దగ్గర్నుంచి మాట్లాడితే వినిపిస్తుంది, ఇనుము చేసే సన్నని చప్పుడు వినిపించదు. ఆ సంగతి కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పలేదు. పిచ్చిమనిషి, పరువొక్కటే ఆస్తి అనుకున్నాడు.

ఆ ఆదివారం కాఫీలయ్యాక ఆయన భార్య ఆయిలీ తన బండిని షెడ్డులోకి తోసుకొచ్చింది.

"చెయిన్ టక్కుటక్కుమంటోంది. బేకరీకి వెళ్ళొచ్చేసరికి నా ప్రాణం తోడేసిందనుకో."

రైమో అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు. ఆమె చక్రం తిప్పింది.

"విన్నావా?"

"వినకేం? చెయిన్ ఎండిపోయింది. కాస్త నూనె వేస్తే చాలు."

"నూనె నిన్ననే వేశాను మహానుభావా! సరిగ్గా విను. ఇప్పుడూ వస్తోందా?"

"వస్తోంది, వస్తోంది. నా చెవికి నువ్వు పాఠాలు చెప్పకు."

రైమో కళ్ళు తెరిచి చూస్తే చక్రం ఆగి ఉంది. టైరు మీద ఆయిలీ అరచెయ్యి ఉంది.

"ఎప్పట్నించి?" అంది.

"చలికాలం నుంచి."

"నాకు చెప్పడానికేం రోగం?"

"చెబితే ఈ షెడ్డుకి ఎవడొస్తాడే?"

రైమోకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. చేతులైనా పనికొస్తాయేమోనని చెయిన్‌ని కొంచెం కొంచెంగా జరుపుతూ వేళ్ళతో తడిమాడు. ఒకచోట లంకె వంగలేదు, కర్రలా బిగుసుకుపోయింది. మురికి తుడిస్తే దాని పక్క రేకు చిట్లి కనిపించింది. ఆయన మాట నమ్మి ఆమె నూనె వేసుకుని వెళ్ళి ఉంటే, అది హైవే మీద తెగేది. తెగిన చెయిన్ చక్రానికి చుట్టుకుంటే మనిషి దక్కడు.

ఆయిలీ ఆ చీలికని చూసి స్టూలు మీద కూలబడింది.

"ఇంకెవరికి చెప్పావు, నూనె చాలని?"

రైమో చలికాలం నుంచి వచ్చిన మిగతా బళ్ళన్నీ చెవిని నమ్మకుండా విప్పే చూశాడు, ఒక్కటి తప్ప. నిన్న పొద్దున్న లాయిడ్ వచ్చాడు. కూతుర్ని వెనక కూర్చోబెట్టుకుని, హైవే మీద ఐదారు గంటల దూరంలో ఉన్న కెనోరాకి బయల్దేరాడు. "చెయిన్ ఏదో గొణుగుతోంది గురూ, తొందరలో ఉన్నాను" అన్నాడు. రైమో కళ్ళు మూసుకున్నాడు, నూనె వేశాడు, ఆ పిల్లకి చెయ్యూపి పంపించాడు.

"లాయిడ్‌కి" అన్నాడు.

ఆయిలీ ఫోను తీసి నంబరు నొక్కింది. దాన్ని ఆయన చేతికివ్వబోయి, ఆగి, తన చెవికే పెట్టుకుంది. అవతల మోగుతోందో, ఎవరైనా ఎత్తారో ఆయనకి తెలియలేదు. ఆమె మొహంకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆమె పెదవులు కదల్లేదు. కాసేపటికి ఫోను దించి, మళ్ళీ అదే నంబరు నొక్కింది.