కెరటం లేని సముద్రంలో మాఘ స్నానం

రంగూనులో ఉంటూ సముద్రం చూడలేదంటే మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. ఓడ దిగిన ఊరు కదా, సముద్రం గుమ్మంలోనే ఉంటుందనుకుంటారు. నిజానికి మేముండే అహ్లోన్ బియ్యం మిల్లుల దగ్గర ఉన్నది నది. ఊక తేలుతూ, రోజుకు రెండుసార్లు దిశ మార్చుకుని పారే బురద నది. సముద్రం కావాలంటే లాంచిలో సగం పూట దిగువకు పోవాలి.

అలా పోవలసిన పని ఒక మాఘ మాసంలో పడింది. మా అక్కకు అప్పుడు అయిదో నెల. అంతకుముందు రెండు కానుపులు నెలలు నిండకుండానే పోయాయి. ఈసారి దగ్గరుండి పురుడు పోయడానికి ఆమె అత్తగారు భీమిలి పక్క పల్లె నుంచి ఓడెక్కి వచ్చింది. వచ్చిన కొద్ది రోజులకే తేల్చి చెప్పేసింది. మాఘ పున్నమి నాడు కోడలు సముద్ర స్నానం చేసి, గంగమ్మకు పళ్ళెం పెట్టాలి. అప్పుడే ఈ కడుపు నిలుస్తుంది. అక్క కాదనలేదు. రెండుసార్లు పోగొట్టుకున్న మనిషి దేన్నీ కాదనదు.

బావ ఒక మిల్లులో ఫిట్టరు. పున్నమి నాడు మిల్లు లాంచి నదీముఖం దాకా ఏదో పని మీద పోతోందని తెలిసి, దాన్ని నడిపే చిట్టగాంగ్ సరంగును బతిమాలి మా నలుగురికీ చోటు సంపాదించాడు. నేను అప్పటికి ఓవర్సీరు చదువు ముగించి, రేవు కట్టడాలకు నక్షాలు గీసే ఆఫీసులో కుదిరాను. సెలవంటే నాకు ముందుగా ఒక జాబితా కావాలి, ఏం చూడాలి, ఏం చేయాలి అని. నదీముఖం దగ్గర దీపస్తంభం. ఒడ్డు మీద సున్నం కొట్టిన చిన్న పగోడా. బెస్తలు చేపలు ఎండబెట్టే వెదురు పందిళ్ళు. గవ్వలు. అక్కడి గుడిసెల్లో వేయించి అమ్మే రొయ్యల వడలు. వీలైతే ఈత. ఇది చదివి వినిపిస్తే బావ అందులో నిద్ర కూడా చేర్చమన్నాడు.

ఒక్క సంగతి మాత్రం నా మనసులో మెదులుతూ ఉంది. మా ఆఫీసులో రేవు మెట్లు గీసినప్పుడల్లా పక్కన రెండు గీతలు గీస్తాం. ఒకటి నీరు ఎక్కే పోటు మట్టం, ఒకటి నీరు దిగే పాటు మట్టం. మా విశాఖ తీరంలో ఆ రెండింటికీ మధ్య ఒక మనిషి నిలువు కూడా ఉండదు. ఇక్కడ మేడంత ఎత్తు ఉంటుంది. పున్నమికీ అమావాస్యకీ ఇంకా పెరుగుతుంది. ఆ మాట రాత్రి భోజనాల దగ్గర అన్నాను.

"అత్తా, పున్నమి నాడు ఇక్కడ పోటు బాగా ఎక్కువ. నాలుగు రోజులాగి వెళ్దాం."

"పున్నానికి కాక సవితికి సేస్తార్రా బాబూ, తానం?"

"నీళ్ళు చాలా వస్తాయత్తా."

"రానీ. తానానికి నీల్లు ఎక్కువైతే తప్పేటి?"

బావ నవ్వుతూ నా వీపు మీద చరిచాడు. "సదువుకున్నోడివి, నీల్లకి గీత గీసేసినావు. మాయమ్మకి గీసి సూడు."

తెల్లవారుతూనే బయలుదేరాం. పాటు నీటితో లాంచి జారినట్టు పోయింది. ఎదుటి ఒడ్డున నూనె ట్యాంకులు వెనకబడ్డాయి, ఆ తర్వాత రెండు ఒడ్డులూ దూరమైపోయాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు. అక్క చాలా రోజుల తర్వాత నవ్వుతూ కనిపించింది. సరంగు మమ్మల్ని ఒక బెస్త పల్లె దగ్గర దింపి, పక్కనున్న పాయలో లంగరు వేసుకున్నాడు.

ఒడ్డెక్కి చూస్తే సముద్రం లేదు. తడి ఇసుకా, బురదా ఎండలో రేకులా మెరుస్తూ కనుచూపు మేర పరుచుకున్నాయి. ఆ చివర ఎక్కడో తెల్లటి దారం లాంటిది కదులుతోంది. అత్త నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"సంద్రం ఏదిరా?"

"అదేనమ్మా. ఆ సివర," అన్నాడు బావ.

"కెరటమే నేదేటిరా. సెరువులాగుంది." కాసేపు చూసి తృప్తిగా తల ఊపింది. "మన కాడైతే మడిసిని నిలబడనిస్తాదా? ఇదే మంచి సంద్రం. కడుపుతో ఉన్న పిల్లకి ఇలగే ఉండాల."

మా తీరంలో పుట్టిన ఎవరైనా అదే అనుకుంటారు. మా సముద్రానికి నోరుంది. ప్రమాదం ఎదుటి నుంచి వస్తుంది, వచ్చే ముందు అరుస్తుంది. కెరటానికి వీపు చూపించకూడదని నడక రాగానే నేర్పుతారు. కెరటం లేకపోతే భయం లేదన్నది మాకు ఎముకల్లో ఉన్న లెక్క. నాకూ ఉంది. ఆ నిశ్శబ్దం చూసి నా అనుమానం కూడా సగం తగ్గింది.

అనుకున్నవన్నీ చేశాం. పగోడాకు దణ్ణం పెట్టాం. దీపస్తంభం దూరాన గీసిన గీతలా కనిపించింది, అంతే. రొయ్యల వడలు వేడిగా తిన్నాం. బావ చేపల పందిరి నీడలో తువ్వాలు పరుచుకుని, తన పనికి తాను పూనుకున్నాడు. అప్పుడు అత్త పళ్ళెంలో పసుపు, కుంకుమ, అరటిపళ్ళు సర్దుకుని కోడల్ని లేవదీసింది. దగ్గర్లో గుంటల్లో నీళ్ళున్నాయి. అవి పనికిరావు. కదిలే నీరు కావాలి.

ఒడ్డుకూ ఆ నీటికీ మధ్య పొడుగ్గా ఒక పల్లం ఉంది. చీలమండ దాకా నీళ్ళు. అది దాటితే ఇసుక తిన్నె, తిన్నె అవతల సముద్రం. ఆడవాళ్ళ స్నానం గనక నేను పొడి చీరల మూట పట్టుకుని పల్లం ఇవతలే ఆగాను. వాళ్ళిద్దరూ తిన్నె మీద నడుస్తూ చిన్నగా అయిపోయారు.

నేను చూసినవి వరుసగా చెబుతాను. మొదట పీతలు. ఎర్రటి చిన్న పీతలు గుంపులుగా ఒడ్డు వైపు పోతున్నాయి. తర్వాత లాంచి. దాని ముక్కు ఇంతసేపూ నది వైపు ఉంది, ఇప్పుడు సముద్రం వైపు తిరిగి ఉంది. లంగరు వేసిన పడవ పారే నీటికి ఎదురు నిలుస్తుందని నాకు తెలుసు. అంటే పోటు మొదలైంది. తర్వాత ఒక చప్పుడు. మిల్లులో ఊక జారినట్టు, సన్నగా, రెండు పక్కల నుంచీ.

తిన్నె మీద వలగుంజలు పీకుతున్న ఒక బర్మా బెస్త ఆడవాళ్ళ వైపు తిరిగి అరిచాడు. గాలి సముద్రం మీద నుంచి వీస్తోంది గనక మాట స్పష్టంగా వినిపించింది.

"అమే, యే తెట్టే! యే తెట్టే!"

అమ్మా, నీరు ఎక్కుతోంది అని. అత్తకు బర్మా మాట ఒక్కటీ రాదు. ఆమె నిలబడి పళ్ళెం పైకెత్తి అతనికి చూపించింది.

"పసుపూ, కుంకం, అరిటిపల్లూ నాయనా," అని గట్టిగా చెప్పింది. "ఇంకేటెడతాం, గంగమ్మకి?"

ఆవిడ విన్నది తెలుగు. అమ్మే, ఏటెట్టే? పళ్ళెంలో ఏం పెట్టావని పరాయి దేశపు బెస్తవాడు ఆవిడ భాషలోనే అడుగుతున్నాడని మురిసింది. అతను మళ్ళీ అదే మాట అన్నాడు. ఆవిడ మళ్ళీ పళ్ళెం ఎత్తి, ఈసారి అరటిపండు ఒకటి తీసి చూపించింది. అక్క అప్పటికే నడుము లోతు నీళ్ళలో కళ్ళు మూసుకుని మునుగుతోంది.

నేను అరిచాను. ఎదురుగాలికి నా గొంతు నా దగ్గరే ఆగిపోయింది. రెండడుగులు దిగి చూస్తే పల్లంలో నీరు మోకాళ్ళు దాటింది. రెండు కొసల నుంచీ వచ్చి మధ్యలో కలుస్తోంది. వాళ్ళ ముందున్న సముద్రం కదలనట్టే ఉంది. వాళ్ళ వెనక దారి పోతోంది.

మూట విసిరేసి పందిరి కిందికి పోయి బావను లేపాను. "నీళ్ళు" అన్న ఒక్క మాటకే లేచి పరుగెత్తాడు. పల్లం దాటేటప్పటికి తొడల దాకా వచ్చింది. అడుగున బురద కాలు పట్టుకుని వదలడం లేదు. మమ్మల్ని చూసి అత్త విసుక్కుంది.

"మగోల్లు ఇక్కడికెందుకొచ్చినారు? ఇంకా రెండు మునకలున్నాయి."

బావ తల్లి ముందు వంగి, ఆవిడ రెండు చేతులూ మెడ చుట్టూ వేసుకుని వీపు మీదికి ఎత్తుకున్నాడు. ఆవిడ అప్పుడు వెనక్కి తిరిగి చూసింది. ఒడ్డుకూ మాకూ మధ్య ఇంతకుముందు లేని ఏరు. పళ్ళెం చేతిలోంచి ఎప్పుడు జారిందో తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు పల్లంలో నీరు నా రొమ్ము దాకా ఉంది, అక్కకు గడ్డం దాకా. తడి చీర కాళ్ళకు చుట్టుకుని అడుగు పడనివ్వడం లేదు. ఆ బెస్త గుంజలన్నీ వదిలేసి వచ్చి ఒక పక్క పట్టుకున్నాడు, నేను రెండో పక్క. మధ్యలో ఒకసారి అక్క కాలు బురదలో దిగబడింది. తల నీళ్ళలోకి పోయింది. అతను వంగి చీర కుచ్చెళ్ళు లాగి పారేసి ఆమెను పైకి లేపాడు. అక్క ఊపిరి పీల్చి, రెండు చేతులతో పొట్ట పట్టుకుంది. మమ్మల్ని పట్టుకోలేదు.

ఒడ్డు చేరి చూస్తే తిన్నె లేదు. ఎండ అలాగే ఉంది. నీటి మీద ఒక్క కెరటం లేదు.

బెస్త భార్య తన లుంగీ ఒకటి తెచ్చి అక్కకు చుట్టింది. బావ అతని చేతులు పట్టుకుని "అకో, అకో" అంటూ, అన్నా అన్నా అని కళ్ళకద్దుకున్నాడు.

"పల్లెంలో ఏటెట్టేనని అడిగినాడు గందా," అంది అత్త కొంగు పిండుకుంటూ.

"యే అంటే నీల్లమ్మా. ఎక్కుతన్నాయి, రమ్మన్నాడు."



లాంచిలో నాకు అసలు భయం తెలిసింది. అయిదారు రోజులుగా బిడ్డ కదలిక తెలుస్తోందని అక్క వచ్చేటప్పుడు సిగ్గుపడుతూ చెప్పింది. ఇప్పుడు పడవ గోడకు ఆనుకుని, కళ్ళు తెరుచుకుని, లోపలికి వింటున్న మనిషిలా కూర్చుంది. బావ ఎదురుగా కూర్చుని ఆమె మొహం వైపు చూడకుండా తన బురద కాళ్ళు చూసుకుంటున్నాడు. పోటు నీరు మమ్మల్ని ఊరి వైపు తోస్తూ ఉంది. సరంగు టీ తెచ్చి పెడితే నాలుగు గ్లాసులూ అలాగే చల్లారిపోయాయి.

అత్త జరిగి కోడలి పొట్ట మీద అరచెయ్యి వేసింది. పూర్వం రెండుసార్లు ఇలాగే వేచి చూశారని, రెండుసార్లూ ఏమీ తెలియలేదని బావ ఒకసారి నాకు చెప్పి ఉన్నాడు. నూనె ట్యాంకులు దాటాం. పొద్దు మిల్లుల గొట్టాల వెనక్కి దిగింది. అక్క పెదవులు నీలంగా ఉన్నాయి.

ఉన్నట్టుండి ఆమె అత్తగారి మణికట్టు పట్టుకుని ఆ చెయ్యిని ఎడమ వైపుకు కొంచెం జరిపి, గట్టిగా అదిమింది. ముసలావిడ ఊపిరి బిగబట్టింది. చాలాసేపటికి కొడుకు వైపు తిరిగింది.

"ఉన్నాదిరా," అంది మెల్లగా.

లాంచి రేవుకు తగిలేదాకా ఆ చెయ్యి తీయలేదు.