వేలు మానిందా అక్కా?

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. ఈ సంగతిలో దెయ్యమంటూ ఎవరైనా ఉంటే అది నేనే కాబట్టి నమ్మడం ఇంకా కష్టం. నేను శుభ్రంగా బతికే ఉన్నాను. పావగడలో కొండ కింద కాపురం, టీచరు ఉద్యోగం, రిటైరయ్యే వయసు, మోకాళ్ల నొప్పులు.

ఎనభైల చివర్లో మాట ఇది. మాది బలసముద్రం. తాతల కాలంలో గొర్రెల మంద, నాయన కాలానికి శెనక్కాయ సేద్యం. వానల్లేక రెండూ అంతంత మాత్రమే. అలాంటి ఇంటి నుంచి పావగడ చేరి, అక్కడి నుంచి బస్సులు మారి, ఎం.ఎ. చదవడానికి విశ్వవిద్యాలయం హాస్టల్లో చేరాను. మా ఊళ్లో ఆడపిల్ల అంత దూరం పోవడం అదే మొదలు. హాస్టల్లో ఎలా ఉంటుందో, ఎలా నెగ్గుకురావాలో చెప్పేవాళ్లే లేరు.

మొదటి ఏడాది నేను పడిన ఒంటరితనం పగవాళ్లకు కూడా వద్దు. మా తాలూకా ఉన్నది కన్నడ రాష్ట్రంలోనే, ఇంట్లో తెలుగైనా కన్నడం నాకు బాగానే వచ్చు. కానీ నా యాస వినగానే పక్కగది వాళ్లు కిసుక్కున నవ్వేవాళ్లు. మా తాలూకా బోరునీళ్లకు పళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. అవి కనపడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేదాన్ని. కొన్నాళ్లకు మాట్లాడటమే మానేశాను.

ఆదివారం అందరి కోసం ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. నేను హాస్టలు వెనక బట్టలుతికే బండ మీద కూర్చునేదాన్ని. ఎవరైనా వచ్చి "తింటివా?" అని ఒక్కమాట అడిగితే చాలు అనిపించేది. మా వైపు పలకరింపంటే అదే. ఏడాదంతా ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఈ కోరిక నేనెవరికీ చెప్పుకోలేదు కూడా.

రెండో ఏడాది హాస్టలు తెరిచే వేళకు నేను ఊళ్లోనే ఉన్నాను. ఆ ఏడు వాన బాగా ఆలస్యమైంది. పడ్డాక ఊరంతా ఒక్కసారిగా సేద్యానికి దిగింది, కూలీలు దొరకలేదు. విత్తనం వేసేదాకా కదలొద్దన్నాడు నాయన. పొద్దస్తమానం అమ్మా నేనూ కూర్చుని విత్తనపు కాయలు ఒలిచేవాళ్లం. గింజ బద్దలైతే మొలవదు, అందుకని చేత్తోనే ఒలవాలి. నా కుడి బొటనవేలు పగిలి చీము పట్టింది. అమ్మ పసుపు పెట్టి, తన పాత చీర అంచు చింపి కట్టింది. నేరేడుపండు రంగు అంచు. వేలు మానాక ఆ గుడ్డ విప్పి పారేసి, మచ్చ కూడా సరిగా లేని వేలితో హాస్టలుకు బయలుదేరాను.

గేటు లోపల అడుగు పెట్టానో లేదో ఒక పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. నేనెప్పుడూ చూడని ముఖం.

"వచ్చినావా అక్కా? వేలు మానిందా?" అంది.

నన్ను చూసి ఇంకెవరో అనుకుంటోందని, పేరేమిటని అడిగాను. ఆ పిల్ల నోరారా నవ్వింది. అచ్చం నా పళ్లే.

"ఏందక్కా, ఎగతాళి చేస్తాండావా? నాగవేణిని కదా, హొసకోట నాగవేణిని!"

వై.ఎన్.హొసకోట మా తాలూకాదే. ఆ పిల్ల కొత్తగా చేరింది. వచ్చిన రోజే ఇంటికి పోదామని పెట్టె సర్దుకుని, బండ మీద కూర్చుని ఏడ్చిందట. మధ్యలో తిరిగొస్తే మళ్లీ పంపేది లేదని వాళ్ల నాయన ముందే చెప్పాడు. ఆ రోజు బస్సెక్కి ఉంటే చదువు అంతటితో సరి. అప్పుడు నేను వచ్చి పక్కన కూర్చుని "తింటివా?" అన్నానట.

"నువ్వు రాకపోయింటే నేనీడ ఉందునా అక్కా?" అంది.

నేనేం చెప్పానో అడిగాను. గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పింది. నీళ్లు పైఅంతస్తుకు ఎక్కవు, తెల్లారకముందే కింద కొళాయికి బకెట్టు పెట్టుకో. మెస్సులో సాంబారు తియ్యగా ఉంటుంది, వదిలేస్తే పస్తే, పొడి కలుపుకుని తిను. ఆదివారం గదిలో పడుకోవద్దు, దిగులు ఎక్కువవుతుంది. పళ్లు చూసి వాళ్లు నవ్వకముందే మా ఊరి నీళ్ల గుణమని నువ్వే నవ్వెయ్, ఇంక వాళ్లకు నవ్వేదానికి ఏముంటుంది?

అన్నీ నేను ఒక్కదాన్నే ఏడ్చి నేర్చుకున్నవి. పళ్ల మాటయితే నేను చేసింది కూడా కాదు, అలా చేసి ఉండాల్సిందని తర్వాత మనసులో అనుకున్నది.

అప్పటికి నేను ఊరి నుంచి రాలేదన్న సంగతి పక్కగది వాళ్లందరికీ తెలుసు. కొత్త పిల్ల రోజూ సాయంత్రం బండ మీద ఒక్కతే కూర్చుని తెలుగులో మాట్లాడుతూ నవ్వుతోందని, ఇంటి మీద బెంగతో మతి చెదిరిందేమోనని వాళ్లు భయపడ్డారు. ఎవరైనా నా గురించి చెప్పి ఆట పట్టిస్తున్నారా అని నాకు అనుమానం. వేలికి ఏ గుడ్డ కట్టుకున్నానని నాగవేణిని అడిగాను.

"నేరేడు రంగు అంచు. చీర గుడ్డ" అంది.

తర్వాత తన గదికి పోయి ఒక స్టీలు డబ్బా తెచ్చింది. మూత మీద చెక్కిన నాయన పేరు. మిగిలిన శెనక్కాయ పొడితో దాన్ని వేసవిలో హాస్టల్లోనే ఉంచిన నా ట్రంకులో పెట్టి తాళం వేసుకుని పోయింది నేనే. తాళంచెవి నా మెడలో దారానికి ఉంది. ట్రంకు దగ్గరికి పోయి చూశాను. తాళం వేసింది వేసినట్టే ఉంది. తీస్తే లోపల డబ్బా లేదు.

"నువ్విచ్చిన పొడి అయిపాయె. ఖాళీ డబ్బా ఇయ్యకూడదని బొరుగులు పోసినా" అంది నాగవేణి.

ఆ బొరుగులు ఇద్దరం బండ మీద కూర్చుని తిన్నాం. వచ్చింది నేను కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ ఏడాదంతా రోజూ సాయంత్రం తన పక్కన కూర్చున్నాను, ఈసారి నిజంగా. నాగవేణి చదువు పూర్తిచేసి లెక్చరరయింది. ఇప్పటికీ విత్తనాల కాలంలో ఫోన్ చేసి, "వేలు జాగ్రత్తక్కా" అంటుంది. నేను సరేనంటాను.

దీనికి కారణం ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. తెలియకపోయినా పరవాలేదు. కానీ ఒక్కటి మాత్రం గుండెలో కలుక్కుమంటుంది. ముక్కూ ముఖం తెలియని పిల్ల కోసం అంత దూరం పోయి కూర్చున్న ఆ అక్క, అంతకుముందు ఏడాది అదే బండ మీద నేను ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు ఎందుకు రాలేదు?

అడుగుదామంటే, ఆమె నేనేనట.