చిన్నత్త కడిగించని ఫోటోలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోపం మగవాళ్ళ సొత్తు. ఆడవాళ్ళకు వస్తే దాన్ని విసుగు అనేవాళ్ళు, పిల్లలకు వస్తే మొండితనం అనేవాళ్ళు. న్యాయమైన కోపాన్ని దాచుకోనక్కర్లేదని, నలుగురి ముందు దాన్ని తలెత్తుకుని నిలబెట్టవచ్చని నాకు చూపించింది మా చిన్నత్త. అవి తొంభైల నడిమి సంవత్సరాలు. నాకు పదేళ్ళుంటాయి.

మాది ఆళ్ళగడ్డ. ఇంట్లో అవ్వ, పెదనాయన, మా అమ్మానాయనా, నేను, మా నాయనకు చెల్లెలైన చిన్నత్త. తాత పోయినప్పటి నుంచి పెదనాయన మాటే ఇంటికి చట్టం. చిన్నత్తకు ఇంకా పెళ్ళి కాలేదు. ఊళ్ళోనే ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేది. ఆ జీతంలో మిగుల్చుకుని ఒక చిన్న కెమెరా కొనుక్కుంది. మా వీధిలో సొంత కెమెరా ఉన్న ఆడపిల్ల ఆమె ఒక్కతే.

ఇంటి వెనక ఉన్న జాగాను అందరూ దొడ్డి అనేవాళ్ళు. అత్త మాత్రం తోట అనేది. ఒక వేపచెట్టు, ఒక దానిమ్మ, గోడవారగా పారిజాతం, బావి దగ్గర మల్లెపొద, చిక్కుడు పందిరి, చలికాలంలో బంతీ చామంతీ. అంతే. కానీ అత్తకు అందులో రోజుకొకటి కొత్తగా కనపడేది. ఒక్క రీలులో ఒక సంవత్సరం మొత్తం పట్టాలని ఆమె ఆలోచన. తొలకరి నుంచి మళ్ళీ తొలకరి దాకా, ఏ కాలంలో ఏది అందంగా ఉంటే అది. రీలుకు ముప్పై ఆరు ఫోటోలే కాబట్టి ఊరికే నొక్కేది కాదు. దానిమ్మ మొగ్గ ముందర కూర్చుని, చూసి చూసి, రేపు ఇంకా బాగుంటుందేమోనని లేచొచ్చేసేది. ఆ చిన్న కెమెరాతో మరీ దగ్గరికి పోతే మసక పడుతుందని అడుగు వెనక్కి వేసేది. తుంపర పడుతుంటే నేను గొడుగు పట్టేదాన్ని. పొద్దున్నే నల్లటి రేగడి మట్టి మీద రాలిన పారిజాతాలను తీసిన రోజు, వాటిని తొక్కకుండా నన్ను గోడ పట్టుకుని నడవమంది.

చలికాలం ముగిసేసరికి రీలులో ఐదారు ఫోటోలు మిగిలాయి. అవి వేపపూతకు, మల్లెలకు, ఎండకు పగుళ్ళిచ్చిన నేల మీద పడే మొదటి వానకు. ఆ సంగతి నాకూ ఆమెకూ తప్ప ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు కూడా.

ఆ రోజుల్లోనే మా వెనకగోడ అవతలి ఇంట్లోకి పెళ్ళికాని ఉద్యోగస్థుడు ఒకతను అద్దెకు దిగాడు. మా ఎదురింటాయన అత్త కెమెరానూ అతన్నీ కలిపి పెదనాయన చెవిలో వేశాడు. మీ చెల్లెలు తెల్లవారగానే కెమెరా పట్టుకుని దొడ్లోకి పోతోంది, ఆ గోడ అవతల ఎవరుండారో తెలుసునా అని. పెదనాయన చిన్నత్తను ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే ఇంత కథ లేదు.

మా బడికి సెలవిచ్చి అత్త బడికి సెలవివ్వని ఒక రోజు, చెప్పులు కొనిస్తా రమ్మని ఆయన నన్ను నంద్యాల తీసుకుపోయాడు. బస్సులో ఆయన సంచిలోంచి అత్త కెమెరా తాడు బయటికి వేలాడుతోంది. ఎందుకని అడిగితే, “చెడిపోయిందంట, బాగు చేపిచ్చాల” అన్నాడు. నిన్న సాయంత్రం దాకా బాగానే ఉన్న కెమెరా ఎప్పుడు చెడిపోయిందో నాకు అర్థం కాలేదు.

ఆయన తిన్నగా ఒక ఫోటో స్టూడియోకి పోయి కెమెరా బల్ల మీద పెట్టాడు. స్టూడియో అతను తిప్పి చూసి, “ఇంకా కొన్ని మిగిలుండాయన్నా, పూర్తయినాంక తీసుకురాండి” అన్నాడు.

“మిగల్నీలే. ఉన్నంతవరకు కడుగు.”

నేను ఆయన చొక్కా పట్టుకుని లాగాను. అవి వేపపూతకని, మల్లెలకని, అత్త దాచుకుందని చెప్పాను. “నువ్వు ఊరకుండు పాపా” అన్నాడు. నేను చూస్తుండగానే రీలు వెనక్కి తిరిగిన చప్పుడు వినిపించింది. అత్త ఎండాకాలం అక్కడితో పోయింది.

సాయంత్రం మళ్ళీ పోతే కవరు చేతికిచ్చారు. పెదనాయన ఒక్కొక్క ఫోటో తీసి చూస్తున్నాడు. దానిమ్మ మొగ్గ. బంతిపువ్వు. పారిజాతాలు. మంచుపట్టిన సాలెగూడు. ఒకటి తీసేటప్పుడు కెమెరా కదిలి చెదిరిపోయింది. ఆయన పూలను చూడటం లేదు. పూల వెనక, కొమ్మల సందుల్లో, గోడ మీద వెతుకుతున్నాడు. చిక్కుడు పందిరి ఫోటో దగ్గర చెయ్యి ఆగిపోయింది. పందిరి పక్కన తీగ మీద నీలం గీతల చొక్కా ఒకటి ఆరేసి ఉంది. ఆయన ముఖం ఎర్రబడింది. ఆ ఫోటో నా ముఖం ముందర పెట్టాడు.

“నువ్వెప్పుడూ మీ అత్తెంబడే ఉంటావు కదా. చెప్పు, ఈ చొక్కా ఎవురిది?”

నేను చూసి, “నీదే పెదనాయనా” అన్నాను.

స్టూడియో అతను నవ్వు ఆపుకోలేకపోయాడు. “ఎవురి కోసం ఎతుకుతాండావన్నా?” అని అడిగాడు. అప్పుడు నాకు అంతా అర్థమైంది. నన్నెందుకు తీసుకొచ్చాడో కూడా అర్థమైంది. నాకు అంత కోపం అంతకుముందు ఎప్పుడూ రాలేదు. చెప్పులు కొనలేదు. బస్సులో మాత్రం, ఇంట్లో ఈ మాట ఎత్తొద్దని రెండుమూడుసార్లు చెప్పాడు.

నేను గడపలో నిలబడే మొత్తం చెప్పేశాను.

చిన్నత్త పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతోంది. కలం పక్కన పెట్టి లేచి, ఫోటోల కోసం చెయ్యి చాపింది. పెదనాయన కవరు మంచం మీద విసిరేసి, తప్పు ఆమెదే అయినట్టు అరిచాడు. “మడుసుల్ని తియ్యక పూలకూ ఆకులకూ రీలు తగలేస్తారా ఎవురన్నా?” అన్నాడు. అవ్వ మధ్యలోకి వచ్చి, “పోనీలేమ్మా, దాంట్లో ఏమీ ల్యాకపాయ కదా, అంతకంటే ఏం కావాల” అంది.

ఆ మాటకే అత్తకు ఎక్కువ కోపం వచ్చిందని ఇప్పుడనిపిస్తుంది. “ఏమీ ల్యాకపోవడమేందమ్మా? నేను తీసిందంతా ఉంది దాంట్లో” అంది. తర్వాత పెదనాయన వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

“ఏమన్నా దొరికింటే నేను దొంగనైతాంటినే, అన్నా. దొరకల్యా. మరి ఇప్పుడు దొంగెవురు?”

మా నాయన తలొంచుకుని బయటికి పోయాడు. అందుకు మా నాయన మీద కూడా నాకు కోపమే.

మరుసటి రోజు అత్త ఒక పెద్ద అట్ట తెచ్చి ఫోటోలన్నీ వరసగా అంటించింది. తియ్యలేకపోయిన వాటి కోసం ఖాళీగళ్ళు గీసి వదిలింది. దాన్ని ముందరింట్లో, అంటే వీధివైపు గదిలో, వచ్చినవాళ్ళకు మొదట కనపడే గోడకు కొట్టింది. అప్పట్లో గోడ మీద దేవుళ్ళూ పోయిన పెద్దవాళ్ళూ తప్ప ఇంకెవరూ ఉండేవాళ్ళు కాదు కాబట్టి, వచ్చిన ప్రతివాళ్ళూ అడిగేవాళ్ళు. అత్త ఉన్నదున్నట్టు చెప్పేది.

“మా తోట. నేను తీసినా. మా అన్న నాకు చెప్పకుండా నంద్యాలకు తీసుకపోయి కడిగిచ్చినాడు, మగోడెవుడన్నా కనపడతాడేమోనని. మీరూ చూడండి. చొక్కా ఒకటుంది, అది మా అన్నదే.”

ఎదురింటాయన పేపరు కోసం వస్తే కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి మరీ చూపించింది. ఆయన కాఫీ సగంలో వదిలేసి లేచిపోయాడు. పెదనాయన ముందరింట్లో కూర్చోవడం మానేసి వెనక దోవన రావడం మొదలుపెట్టాడు. తీసెయ్యమని అరిచాడు, అవ్వ చేత చెప్పించాడు. ఇంటి పరువు తీస్తాండావని అవ్వ అంటే, “పరువు చెప్తే పోతుందా, చేస్తే పోతుందా?” అని అడిగింది అత్త. తన దగ్గరికి వచ్చి తప్పని ఒప్పుకునేదాకా తియ్యనంది.

తీరిక దొరికినప్పుడల్లా అవ్వ ఆ అట్ట ముందు నిలబడటం నేను చూశాను. పదిహేనేళ్ళ పిల్లగా కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ దొడ్లోనే ఆమె బతుకంతా గడిచింది. దాన్ని అట్లా ఎప్పుడూ చూసుకున్నట్టు లేదు. ఒకరోజు అత్త బడిలో ఉండగా కొలిమిగుండ్ల నుంచి చుట్టమొకామె వచ్చి ఆ ఫోటోలేందని అడిగింది. పెదనాయన లోపలే అన్నం తింటున్నాడు. అవ్వ ఏదో ఒకటి చెప్పి దాటేస్తుందనుకున్నాను.

“మా కూతురు తీసింది” అంది అవ్వ. “ఎంత బాగుండాయో చూడు. మా పెద్దోడు అనుమానపడి మధ్యలోనే కడిగిచ్చి పాడుచేసినాడు.”

లోపల కంచం చప్పుడు ఆగిపోయింది.

ఆ సాయంత్రం పెదనాయన ముందరింట్లోకి వచ్చి, అత్త ముఖం చూడకుండా గోడను చూస్తూ, “అడక్కుండా తీసుకపోవడం తప్పే” అన్నాడు. అత్త విని, తలూపి, అట్ట దించి తన గదిలో పెట్టుకుంది. పరవాలేదన్నా అని మాత్రం అనలేదు. ఆ మాట ఆమె ఎప్పటికీ అనలేదు.

తొలకరికి కొత్త రీలు కొని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఏడాది తర్వాత తనే నంద్యాలకు పోయి కడిగించుకొచ్చింది. ఆ రోజు పెదనాయన చేతులు కడుక్కుని వచ్చి, “చూడొచ్చునా?” అని అడిగాడు.

ఇప్పుడు నన్ను అత్తా, పెద్దమ్మా అని పిలిచే పిల్లలు ఇంటినిండా ఉన్నారు. ఈమధ్య మా చుట్టాల్లో ఒకాయన, కూతురు నిద్రలో ఉన్నప్పుడు ఆమె ఫోనంతా వెతికానని మా ఇంట్లో కూర్చుని చెప్పాడు. పాపం, బంగారుతల్లి, ఏమీ లేదని మురిసిపోయాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల పక్కగదిలోనే ఉంది. పిలిచి, ఆమె ఎదురుగా ఆ మాట చెప్పమన్నాను. ఆయన నవ్వు పోయింది. పోయొస్తానని లేవబోయాడు. ఎందుకులే వదిలెయ్యమని ఒకరిద్దరు నా మోచెయ్యి గిల్లారు.

నేను వదల్లేదు. నేనే చెప్పాను.