నీ ఉపవాసం కూడా నేనే ఉంటాలే
ఈ రోజు రాయచోటిలో మా చర్చిలో ఉపవాస ప్రార్థన. మధ్యలో నా ఫోన్ అలారం మోగింది. పచ్చి మొక్కజొన్న పిండి నీళ్లలో కలిపి మా ఆరేళ్ల పాపకు తాగించాను. ముందు వరుసలోని అవ్వ వెనక్కి తిరిగింది.

“ఏమ్మా, బిడ్డ ఒక్క పూట ఓర్చుకోలేదా?”

కాలేయంలోని చక్కెరను ఫాస్ఫేట్ నుంచి తెంచి రక్తంలోకి వదిలే ఎంజైమ్ ఒకటుంటుంది. దాన్ని తయారుచేసే జన్యువు మా పాపలో పనిచేయదు. అందుకే రాత్రయినా పగలైనా నాలుగు గంటలకోసారి ఈ పిండి పడాల్సిందే, లేకపోతే రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పుతుంది.

నేను నోరు తెరిచేలోపు పాపే చెప్పింది. “నా చక్కెర లోపలే ఉండాదవ్వా. తలుపు తెరుచుకోదు.”

“అయితే నీ ఉపవాసం కూడా నేనే ఉంటాలే తల్లీ,” అంది అవ్వ.

పాపకు బదులు ఉపవాసముండే మనిషి దొరికింది. ఆరేళ్లుగా అలారానికి లేస్తున్న నాకు బదులు, ఒక్క రాత్రి లేచేవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా?