ఐమూలగా కోసిన నేతబట్ట

మా ముత్తాత కోదండరామయ్య గారు దివిసీమలో మునసబు. తాత సీతాపతి గారు వీధిలోకి వస్తే అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడేవారు. మా ఆడవాళ్ళ ఆది రవికల కోసం దర్జీ వాకిట్లో కాచుకుని ఉండేవాడు. నేను పటమటలో లేడీస్ టైలరింగ్ షాపు పెట్టి పద్దెనిమిదేళ్ళయింది. చేసిన పనికి సంజాయిషీ చెప్పే అలవాటు మాత్రం మా వంశంలో లేదు.

2023 మాఘమాసంలో పెడన నుంచి నేతపని చేసే నాగేశ్వరరావు గారు గంధం రంగు నూలుబట్ట తెచ్చారు. వెంట వచ్చిన కూతురు లావణ్య నిశ్చితార్థానికి స్వయంగా నేశారు. ఆ పడుగు అయిపోయింది, మరో మీటరు కావాలన్నా లేదు.

"లాంగ్ ఫ్రాక్ ఆంటీ. తిరిగితే గొడుగులా విచ్చుకోవాలి," అంది లావణ్య.

అందుకు బయాస్ కట్ ఒక్కటే దారి. అంటే పడుగు, పేక దారాలకు ఐమూలగా కోయడం. మా షాపుల్లో క్రాస్ అంటాం. అలా కోసిన బట్ట సాగుతుంది. కుట్టాక ఒక రోజంతా వేలాడదీస్తేగాని అంచు ఎంత దిగుతుందో తేలదు. ఆ తర్వాతే హెమ్, అంటే కింది మడత. ఇదేమీ వాళ్ళకు చెప్పకుండానే కోసి, కుట్టి, వేలాడదీశాను.

శుక్రవారం కూతురితో వచ్చిన నాగేశ్వరరావు గారు హ్యాంగర్‌కున్న ఫ్రాక్ చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. అంచు ఒకచోట బెత్తెడు కిందికి, ఒకచోట పైకి ఉంది.

"ఏందమ్మా ఇది? అడ్డంగా కోసేశారా? ఆదివారం ఫంక్షను పెట్టుకుని!"

"అరవకు నాన్నా."

"నువ్వూరుకో. నా బట్ట నాకిచ్చెయ్యండమ్మా, దిండు గలీబులన్నా కుట్టించుకుంటా."

నాకు కోపం వచ్చింది. పట్టుకుపొమ్మనబోయాను. ఆయన వంకర అంచును అరచేత్తో నిమురుతున్నారు. ఆయన భుజం మీది తువ్వాలు తీయమన్నాను.

"ఈ అంచు వెంట లాగండి."

లాగారు. కదల్లేదు.

"ఇప్పుడు ఈ మూలా ఆ మూలా పట్టుకుని లాగండి."

తువ్వాలు సాగింది.

"ఈ సాగుడు నేను పెట్టింది కాదండీ, మీ నేతలోనే ఉంది. బరువుకు దిగింది, ఇప్పుడు సమం చేస్తాను."

లావణ్యకు తొడిగించి, మోకాళ్ళ మీద కూర్చుని, నేల నుంచి స్కేలుతో కొలుస్తూ చుట్టూ సుద్దగీత పెట్టాను. విప్పించి, గీత వెంట కోసి, మళ్ళీ తొడిగించాను.

"తిరుగమ్మా."

బట్ట నడుం దగ్గర నుంచి లేచి గుండ్రంగా విచ్చుకుంది. ఆమె ఆగగానే కాళ్ళకు చుట్టుకుని మెల్లగా సర్దుకుంది.

"ఇంకోసారి," అన్నారాయన. "ఇంకొక్కసారి."

"కళ్ళు తిరుగుతున్నాయి నాన్నా!" అని లావణ్య నవ్వుతూ కూలబడింది.

"ముప్పై ఏళ్ళబట్టి నేస్తన్నా. నా బట్ట ఇట్టా ఎగురుద్దని నాకే తెలవదు," అన్నారు ఆయన.

అప్పటినుంచి కత్తెర పట్టే ముందే చెబుతున్నాను, ఎటు కోస్తానో, ఎందుకు వేలాడదీస్తానో. చెబితే తక్కువైపోతానని ఇన్నాళ్ళూ అనుకోవడం నా పొరపాటు. ఆ వేసవిలో పెడన నుంచే నలుగురు పెళ్ళికూతుళ్ళు నేతబట్టలు పట్టుకొచ్చారు. ఐమూలగా పరవడానికి పాత బల్ల వెడల్పు చాల్లేదు. తాతగారి పందిరిమంచం అమ్మి, ఆరడుగుల కటింగ్ టేబుల్ చేయించాను.