గోడ అవతలి పుట్టిల్లు

మా పక్కింటి మామ్మగారు పోయారు. ఆ కబురు మాకు అందేసరికి దహనం కూడా అయిపోయింది. అప్పుడు మేము ఫిలిప్పీన్స్‌లో ఒక చిన్న దీవిలో, మా అత్తగారింటి పెరట్లో చేపలు కడుగుతున్నాం. ఫోన్ చేసింది మామ్మగారి కొడుకు. రామచంద్రపురంలో ధాన్యం వ్యాపారి దగ్గర గుమాస్తాగా చేస్తారాయన. "బావగారూ, అమ్మ నిన్న మధ్యాహ్నం పోయిందండీ. సాయంత్రానికి అన్నీ అయిపోయేయండీ" అన్నారు. ఫోన్లో చావు కబురు వినడం నాకు కొత్త కాదు. మా అమ్మ పోయినప్పుడు నేను గల్ఫ్‌లో ఉన్నాను, అప్పుడూ ఇలాగే విన్నాను. కాని ఈసారి నా మొహం చూసి మా ఆవిడ ఫోను లాక్కుంది. "అన్నయ్యగారూ" అని ఒక్క మాట అని చేపల తొట్టి పక్కనే కూలబడిపోయింది.

ఆయనకి నేను బావని ఎలా అయ్యానో, మా ఆవిడ ఎందుకలా కూలబడిందో చెప్పాలి. చుట్టరికం చూస్తే మామ్మగారు మాకు ఏమీ కారు. రెండిళ్ళకీ మధ్య ఒక పొట్టి గోడ ఉంది, అంతే.

నేను ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాను. గల్ఫ్‌లో చాలా ఏళ్ళు అదే పని. అక్కడ ఒక బేకరీలో ఏసీ చెడిపోతే వెళ్ళాను. ఏసీ బాగుపడలేదు గాని, ఆ బేకరీలో కేకులు చేసే అమ్మాయితో పెళ్ళి మాత్రం కుదిరింది. ఆ ఉద్యోగాలు పోయాక ఇద్దరం అమలాపురం వచ్చి శివార్లలో ఒక వాటా అద్దెకు తీసుకున్నాం. నా బంధువులెవరూ మా గుమ్మం తొక్కని రోజులవి. సామాను దింపుతుంటే గోడ మీదుగా ఒక నెరిసిన తల కనిపించింది.

"ఏ ఊరమ్మా మీది?"

దీవి పేరు చెప్పాం. అది మామ్మగారికి అందలేదు.

"కొబ్బరుందా అక్కడ?" అని నన్నడిగారు.

"ఎటు చూసినా అదేనండీ."

"వరి?"

"ఉందండీ."

"తుఫాన్లొస్తాయా?"

"ఏటా వస్తాయండీ."

"అయితే ఇంకేం, మన పిల్లే" అని తేల్చేసి, గోడ మీద ఒక గిన్నె పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. అందులో వేడిగా ముద్దపప్పూ, ఆవకాయ ముక్కా ఉన్నాయి. ఆవకాయతో మా ఆవిడ కళ్ళంట నీళ్ళు కారాయి. గిన్నె మాత్రం ఖాళీ చేసింది.

మొదటి ఆషాఢం వచ్చింది. మామ్మగారు నన్ను గోడ దగ్గరికి పిలిచారు.

"కొత్త కోడలు ఆషాఢంలో అత్తారింట్లో ఉండకూడదు. అమ్మాయిని పుట్టింటికి పంపించు."

"అత్తగారే లేరు కదండీ మామ్మగారూ."

"అత్తగారు లేకపోతే ఆషాఢం రావడం మానేసిందా?"

"పుట్టిల్లు సముద్రం అవతలుందండీ. విమానం టిక్కెట్టు కొనాలంటే ఊళ్ళో ఏసీలన్నీ నేనే చెడగొట్టి, మళ్ళీ నేనే బాగుచెయ్యాలండీ."

మామ్మగారు నవ్వలేదు. "అయితే మా ఇంటికి పంపించు. దానికి టిక్కెట్టెందుకు?" అన్నారు.

వేళాకోళం అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే వచ్చి, మా ఆవిడకి బొట్టు పెట్టి, చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు. నెల్లాళ్ళు నేను హోటల్లో తిన్నాను. ఒకరోజు ఆ కూడు సయించక గోడ దగ్గరికి వెళ్తే, "అల్లుడు ఆషాఢంలో అత్తారింటికి రాకూడదు. అటే నిలబడి మాట్లాడు" అన్నారు. వెనక మా ఆవిడ మునగాకు పప్పు కలుపుకుంటూ నన్ను చూసి నవ్వుతోంది. తెలుగు రాని మనిషికి కూడా ఆ పరిస్థితి బాగా అర్థమైపోయింది.

నెల తిరిగాక కొత్త చీర పెట్టి, చలిమిడి చేసి ఇచ్చి సాగనంపారు. గోడ ఇటువైపుకి రావడానికి ఆటో కూడా పిలుస్తారేమో అని నేను లోలోపల నవ్వుకుంటున్నాను. గేటు దగ్గరకి వచ్చాక మామ్మగారు నిజంగా ఏడ్చారు. మా ఆవిడా ఏడ్చింది. అప్పటిదాకా అదంతా నాకు ఆటలాగే ఉంది. అప్పుడు మాత్రం నవ్వడం మానేసి చలిమిడి గిన్నె అందుకున్నాను. మామ్మగారి భర్త ఎప్పుడో పోయారు, అయినా ఆవిడ బొట్టు మానలేదు. ఆడపిల్లలు లేరు. ఉన్న ఒక్క కొడుకూ వేరే ఊళ్ళో ఉంటారు. ఆ నెల్లాళ్ళూ ఎవరు ఎవరికి పుట్టిల్లు చూపించారో నేను చెప్పలేను.

"పుట్టింట్లో మామ్మగారేవిటే, అమ్మా అను" అన్నారట. అప్పట్నుంచీ మా ఆవిడకి ఇద్దరు తల్లులు. అక్కడున్నావిడ నానయ్, వాళ్ళ భాషలో అమ్మ అనే మాటే అది. ఇక్కడున్నావిడ అమ్మ. ఆషాఢం నియమం మొదటి ఏటికే అయినా మామ్మగారు ప్రతి ఏడూ పిలిపించుకునేవారు. మేమిద్దరం పోట్లాడుకున్నప్పుడల్లా సంచి సర్దుకుని మా ఆవిడే వెళ్ళిపోయేది. లోకంలో భార్యలు అలిగి పుట్టింటికి వెళ్తామని బెదిరిస్తారు. మా ఇంట్లో ఆ మాట పూర్తయ్యేలోపే వెళ్ళడం కూడా అయిపోయేది.

తెలుగంతా ఆ ఇంట్లోనే నేర్చుకుంది. అందుకని వయసులో ఉన్న మనిషి ముసలివాళ్ళలా మాట్లాడుతుంది. "నీ కడుపు చల్లగుండ, కాస్త ధర తగ్గించవే" అని చేపలమ్మే ఆవిడని బతిమాలుతుంటే బజార్లో జనం మూగేవాళ్ళు. నవ్వినవాళ్ళని ఒకరోజు మామ్మగారు నిలబెట్టి దులిపేశారు. "మా పిల్లకి రెండు భాషలొచ్చు. మీకెన్నొచ్చు?" అని.

ఇక ప్రయాణం సంగతి. మా ఆవిడకి నానయ్‌ని చూడాలని ఉండేది. నాలుగు డబ్బులు కూడిన ప్రతిసారీ ఏదో ఒకటి వచ్చి ఎత్తుకుపోయేది. ఒకసారి తుఫానుకి నా షెడ్డు రేకులు లేచిపోయాయి. మరోసారి అక్కడ మామగారికి జబ్బు చేస్తే టిక్కెట్ల కోసం దాచిందంతా వైద్యానికి పంపాం. ఆయన దక్కలేదు. తండ్రిని చివరిసారి చూసుకోలేకపోయానని మా ఆవిడ చాలా రోజులు అన్నం సరిగా తినలేదు. అప్పుడు మామ్మగారు పట్టుబట్టారు. "ఈసారి ఈ పిల్ల తల్లిని కళ్ళారా చూడాలి. మిగతా ఖర్చులన్నీ తర్వాత" అన్నారు.

ఆ తర్వాత మా ఇంట్లో ఖర్చులన్నిటికీ మామ్మగారి అనుమతి కావలసి వచ్చేది. కేకుల ఆర్డర్ల మీద వచ్చింది ముట్టుకోకూడదు. కొత్త చెప్పులు వచ్చే ఏడు చూసుకోవచ్చు. నా లెక్క వేరేగా ఉండేది. ముందు విమానం, తర్వాత వీసా, తర్వాత దీవికి వెళ్ళే పడవ, చివరికి ఏమైనా మిగిలితే కానుకలు. మామ్మగారు దాన్ని తిరగేశారు. "ఆడపిల్ల ఇన్నాళ్ళకి ఇంటికెళ్తోంది. వీధంతా చేతుల్లోకి చూస్తుంది. ముందు పెట్టుపోతలు తీసి పక్కన పెట్టు. తర్వాతే నీ విమానం" అన్నారు. అక్కడా అంతేనట. పైదేశం నుంచి వచ్చిన మనిషి ఖాళీ చేతులతో వస్తే ఊరు ఊరుకోదని మా ఆవిడ చెప్పింది. ఇద్దరూ ఒకటైపోయారు.

సామాను బరువు మీద ఇంకో తగువు. విమానంవాళ్ళు తూకం వేస్తారంటే మామ్మగారు ఆలోచించి పూతరేకులు తెప్పించారు. "తూకానికి తేలిక, మర్యాదకి బరువు" అన్నారు. దారిలో సగం పొడైపోయాయి, అది వేరే కథ. నానయ్ కోసం నేతగాళ్ళ ఊరు బండారులంక వెళ్ళి స్వయంగా చీర కొనుక్కొచ్చారు. వాళ్ళు చీర కట్టరండీ అంటే వినలేదు. "కట్టకపోతే కిటికీకి కట్టుకోమను. పెట్టాల్సింది పెట్టడమే నా పని" అన్నారు.

చివరికి గడియారస్తంభం సెంటర్లో టిక్కెట్లు తీసే ఆయన దగ్గరికి వెళ్ళాను. రెండు రకాలున్నాయన్నాడు. ఒకటి తేదీ మార్చుకోవచ్చు, ధర ఎక్కువ. రెండోది చవక, కాని తేదీ కదలదు, డబ్బు వెనక్కి రాదు. తేడా తక్కువేమీ కాదు. ఆ తేడాతో అక్కడ మా నెల్లాళ్ళ ఖర్చు వెళ్ళిపోతుంది. తేల్చుకోలేక వచ్చి మామ్మగారి అరుగు మీద కూర్చున్నాను.

"మధ్యలో ఎందుకు తిరిగొస్తారు?" అన్నారు.

"ఏమోనండీ, ఏదైనా అవసరం పడితే..."

"ఏం అవసరం? ఇల్లు చూసుకోవడానికి నేను లేనూ?" నా పక్కన కూర్చుని, "తిరిగొచ్చే దారి చేతిలో ఉంటే ఆ పిల్ల మనసు అక్కడ నిలవదయ్యా. తల్లి దగ్గరున్నన్నాళ్ళూ తల్లి దగ్గరే ఉండాలి. కదలని టిక్కెట్టే తియ్యి" అన్నారు.

తీశాను.

అక్కడ మొదటి పది రోజులూ మా ఆవిడని చూస్తే చిన్నపిల్లని చూసినట్టుండేది. నానయ్ వండడం, ఈవిడ తినడం, మధ్యలో ఇద్దరూ తండ్రిని తలుచుకుని ఏడవడం. రోజూ మామ్మగారికి ఫోన్ చేసి తిన్నవన్నీ చెప్పేది. ఒకరోజు మామ్మగారి గొంతు పీలగా వచ్చింది. "దింపు జరుగుతోందే. కొబ్బరికాయలు దింపేవాళ్ళతో అరిచి అరిచి గొంతు పోయింది" అన్నారు. నమ్మాం. అప్పటికే ఆస్పత్రి మంచం మీద ఉన్నారని తర్వాత తెలిసింది.

"ముందే ఎందుకు చెప్పలేదండీ?" అని నేను కొడుకుని గట్టిగానే అడిగాను.

"అమ్మే వద్దందండీ. 'వాళ్ళ టిక్కెట్టు కదలదు. చెప్పి ఆ పిల్లని అక్కడా ఇక్కడా కాకుండా చెయ్యకు. అన్నం ముందు కూర్చున్న పిల్లని లేపకూడదు' అందండీ. నేనేం చెయ్యనండీ?" అంటూ ఆయనా ఏడ్చారు.

మా ఆవిడ లేచి, ఒక్కదాన్నే అయినా వెళ్తానంది. పడవ ఎక్కి టౌనుకి వెళ్ళి అడిగాను. ఒక్క టిక్కెట్టుకి కూడా మా దగ్గర మిగిలింది చాలదు. నానయ్ ఊరి పండుగ కోసం పెంచుతున్న పందిని అమ్మేస్తానన్నారు. అది కలిపినా చాలదు. "ఇప్పుడెళ్ళి మాత్రం ఎవర్ని చూస్తానండీ?" అని మా ఆవిడే చాప మీద వెల్లకిలా పడుకుంది. నాకు ఆ చవక టిక్కెట్టు మీద, విమానాల మీద, మామ్మగారి మీద కూడా కోపం వచ్చింది. అంత ప్రేమ ఉన్న మనిషికి, చివరి చూపు దక్కని బాధ ఎలా ఉంటుందో తెలియదా అనిపించింది. ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

కన్నతల్లి ఎదురుగా కూతురు ఇంకో అమ్మ కోసం అలా ఏడుస్తుంటే నానయ్‌కి ఎలా ఉంటుందోనని భయపడ్డాను. ఆవిడ ఇంట్లో మేరీమాత బొమ్మ ముందున్న బల్ల తుడిచి, దాని మీద బండారులంక చీర పరిచారు. వాళ్ళ ఆచారం ప్రకారం పోయినవాళ్ళ కోసం తొమ్మిది రోజులు ప్రార్థన చేస్తారు. వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. ఫొటో లేక నా ఫోనునే బొమ్మకి ఆనించి నిలబెట్టారు. అందులో పెద్ద బొట్టుతో మామ్మగారు. తెర ఆరిపోయినప్పుడల్లా నానయ్ వేలితో తాకి మళ్ళీ వెలిగించేవారు.

ప్రార్థనలో పోయినవాళ్ళ పేరు చెప్పాలట. పేరేమిటని నానయ్ అడిగారు. మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. అన్నేళ్ళలో మామ్మగారి పేరు మాకు తెలియలేదు. కొడుకుకి ఫోన్ చేస్తానన్నాను. మా ఆవిడ వద్దంది. "అమ్మ అని చెప్పండి చాలు" అంది. కోనసీమ ఎక్కడుందో తెలియని ఆ ఆడవాళ్ళు తొమ్మిది సాయంత్రాలూ ఆ మాటని వంకరటింకరగా పలుకుతూ, అమ్మ కోసం ప్రార్థించారు. నేను బయట కొబ్బరిచెట్టు మొదట్లో కూర్చుని ఏడ్చాను.

టిక్కెట్టు మీద రాసి ఉన్న రోజునే తిరిగొచ్చాం. వచ్చేసరికి పెద్దకార్యం అయిపోయి, పక్కింటికి తాళం వేసి ఉంది. మాసికానికి కొడుకూ చుట్టాలూ వచ్చి ఇల్లు తెరిచారు. మా ఆవిడ పొద్దున్నే వెళ్ళి వంటింట్లో చేరింది. ఏ గిన్నె ఎక్కడుందో కోడలుగారికి తనే చెప్పింది. ఇక ఈ ఇంట్లోకి రావడానికి తనకి ఏ హక్కుందో ఎవరినీ అడగలేక, ఆ రోజంతా ఎవరి మొహంలోకీ సూటిగా చూడలేదు.

భోజనాలయ్యాక చుట్టాలు లేచారు. చావు జరిగిన ఇంటినుంచి వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తామని చెప్పకూడదు కదా. అందరూ చెప్పులేసుకుని, మాటామంతీ లేకుండా గేటు దాటుతున్నారు. మా ఆవిడకి ఆ సంగతి తెలియదు. ఇలాంటివన్నీ చెప్పే మనిషే పోయారు. గుమ్మంలో నిలబడి, లోపలికి చూస్తూ, గట్టిగా "వెళ్ళొస్తానమ్మా" అంది.

గేటు దగ్గరున్నవాళ్ళు ఆగిపోయారు. ఒక పెద్దావిడ కంగారుగా వెనక్కి వచ్చి, "అయ్యయ్యో, ఇక్కడ అలా అనకూడదమ్మా" అంటూ మా ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"అననివ్వండి పిన్నిగారూ" అన్నారు కొడుకు. "తన పుట్టిల్లండీ ఇది. రాకుండా ఎక్కడికెళ్తాదండీ?"

మా ఆవిడకి ఆ మాటలు వినబడ్డాయో లేదో నాకు తెలియదు. ఆ ఇంట్లోంచి బయల్దేరినప్పుడల్లా లోపల్నుంచి "ఆయ్, వెళ్ళిరా అమ్మా" అని వినబడేది. అది వినబడేదాకా మా ఆవిడ మెట్టు దిగేది కాదు. ఇప్పుడూ తల కాస్త లోపలికి వంచి, అలాగే నిలబడి ఉంది.